పరదేశమున ఓనమాలు

పరదేశమున కాపురముండువారికి బిడ్డను బడిలో వేయుట స్వగ్రామమున నున్నవారికంటె ఒక విధమున సులభము, మరియొక విధమున కష్టము. సులభ మెందుకనగా, అచ్చట బంధువుల యొత్తిడి లేదు. తమ పిల్లలను వేసిన బడిలోనే మన పిల్లను వేయుమని పట్టుబట్టు పెత్తండ్రులును, ఆ బడి వలన కులమునకు గౌరవమని చెప్పు పెద్దలును అచ్చట మన గుమ్మము తొక్కరు. కష్ట మెందుకనగా, స్వగ్రామమున బడి యెట్టిదైనను వీధి యొకటి కలదు. బడి నేర్పని మాటను వీధి నేర్పును. బడి మరపించిన వరుసను పెండ్లిపందిరి గుర్తుచేయును. పరదేశమున ఆ రెండవ గురువు లేడు. కావున అచ్చటి తల్లిదండ్రులు బడి యెంత మంచిదని విచారించుటకు ముందే, ఎంత మంచి బడియైనను చేయజాలని పని యేదో, దాని నెవరు తలకెత్తుకొందురో తేల్చుకొనవలసియున్నది.

నేను వికారాబాదున పుట్టి తాండూరున మెట్టినదానను. మావారి యుద్యోగరీత్యా తొమ్మిదేండ్లుగా సింగపూరున నున్నాము. అచ్చట శాశ్వతనివాసపు హక్కును పొందితిమి. మా అమ్మాయి అచ్చటనే పుట్టినది. ఆమెను ఒకటవ తరగతిలో చేర్చవలసిన సమయమున మా యింట నడచిన చర్చ ఇంచుమించుగా ఒక సంవత్సరము సాగినది. ఇట్టి చర్చ నేడు అనేక తెలుగు కుటుంబములలో నడచుచున్నది గనుక, మా యాలోచన లెట్లు సాగినవో చెప్పినచో నలుగురికి నుపయోగింపవచ్చునని తలంచి ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

ముందుగా మా తాండూరును గూర్చి కొంత చెప్పవలెను. హైదరాబాదునుండి వాడీకి పోవు రైలుమార్గము 1874లో ఏర్పడినది. ఆ దారిలో మొదట వికారాబాదు, పిమ్మట తాండూరు, దానికావల కర్ణాటక రాష్ట్రము. వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో మూసీనది పుట్టును. తాండూరు ప్రక్కగా కాగ్నానది పారును. తాండూరు నాపబండలు దేశమున ననేక గృహములకు నేలలైనవి. తాండూరు కందులకు 2022లో భౌగోళికసూచిక గుర్తింపు కూడ లభించినది. ఆ యూరి బజారున ఒక దుకాణమున తెలుగు, దాని ప్రక్కన కన్నడము, ఎదుట ఉర్దూ వినవచ్చును. బేరము మూడు భాషలలో సాగి ఒక్క ధరకు తెగును.

1956 నవంబరు 1వ తేదీ వరకు తాండూరు హైదరాబాదు సంస్థానపు గుల్బర్గా జిల్లాలో నొక తాలూకాగా నుండెను. రాష్ట్రముల పునర్విభజనమున అది ఆంధ్రప్రదేశమునకు వచ్చి హైదరాబాదు జిల్లాలో చేరెను. 1978లో రంగారెడ్డి జిల్లాలోనిదయ్యెను. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మట, 2016లో వికారాబాదు జిల్లాలోనిదయ్యెను. ఊరు మాత్రము తన నాపబండలమీదనే కూర్చుండియున్నది. జిల్లాలును, రాష్ట్రములును, కచేరీభాషలును దాని మీదుగా నడచిపోయినవి. ఇల్లు కదలకున్నను బడిభాష మారిపోవుట యన నేమో మావారి కుటుంబమునకు మూడు తరములుగా తెలియును.

మావారి తాతగారు నిజాము పాలనలో చదువుకొన్నారు. ఆ కాలమున పై తరగతులలో బోధన ఉర్దూలో జరుగుచుండెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున కూడ ఉర్దూయే బోధనభాష. మాతృభాషలో విద్య గావలెనని తెలుగువారు సభలు చేసి తీర్మానములు గావించుచుండిరి. 1928లో మాడపాటి హనుమంతరావుగారు మున్నగు పెద్దలు హైదరాబాదున బాలికలకు తెలుగు పాఠశాలను పెట్టినపుడు, అచ్చటి విద్యార్థినులు దూరమున పూనా నగరమందలి కార్వే పండితుని మహిళావిశ్వవిద్యాలయపు పరీక్షలకు పోవలసివచ్చెను. తమ యింటిభాషలో చదువుటకు మరియొక ప్రాంతపు విశ్వవిద్యాలయము నాశ్రయింపవలసిన దినములవి.

తాతగారు ఉర్దూను చక్కగా నేర్చి కచేరీలో గుమాస్తాగా చేరిరి. కొన్ని యేండ్లు హైదరాబాదున నొంటరిగా నుండి తాండూరునకు ఉత్తరములు వ్రాయుచుండెడివారు. ఆయనకు చేతికలవాటైన వ్రాత ఉర్దూయే. ఆయన భార్యకో, అన్నగారివద్ద కూడబలుకుకొన్న తెలుగక్షరములు తప్ప మరియొకటి రాదు. భర్త వ్రాసిన యుత్తరమును ఆమె పొరుగింటి మున్షీగారి యొద్దకు తీసికొనిపోయి చదివించుకొనుచుండెను. మున్షీగారు పెద్దమనిషి, ఉన్నది ఉన్నట్లు చదివి చెప్పెడివాడు. అయినను మగడు పెండ్లామునకు వ్రాయదలచినదంతయు మూడవవాని నోట వినవలసివచ్చునని యెరిగిన మగడు ఏమి వ్రాయును? వానలను గూర్చి, శిస్తును గూర్చి, ఎద్దులను గూర్చి వ్రాసెను. ఆ యుత్తరములు ఇప్పటికిని మా యత్తగారి రేకుపెట్టెలో నున్నవి. నేను ఒకరిచేత చదివించుకొని వింటిని. వానిలో ఎక్కడను "నీవెట్లున్నావు" అను మాట లేదు. 1948 తరువాత ఆయన తెలుగు వ్రాత నేర్చుకొనెను. అప్పటికి సంసారము ఒక్క కప్పుక్రిందికి వచ్చినది, ఉత్తరములతో పని తీరినది.

మా మామగారు తాండూరు ప్రభుత్వపాఠశాలలో, బండలమీద కూర్చుండి, తెలుగులో చదివిరి. మా యత్తగారు తెలుగులో ఏడవ తరగతివరకు చదివిరి. మావారును నేనును ఆంగ్లమున చదివితిమి. వికారాబాదులో నేను చదివిన బడిలో తెలుగు పలికిన పిల్లకు ఒక రూపాయి జరిమానా. ఆ రూపాయిలు పెక్కుసార్లు చెల్లించియున్నాను. లెక్క తీసి చూడగా మా యింట మూడు తరములలో ఒక్క తరము మాత్రమే ఇంటిభాషలో చదివినది. నాలుగవ తరమునకు బడి వెదకుచు మేము సింగపూరున నిలిచితిమి.

అచ్చటి యేర్పాటు తెలియనివారికి కొంచెము వివరింపవలెను. సింగపూరున పిల్లలు ఏడవయేట ఒకటవ తరగతిలో చేరుదురు. విద్యాసంవత్సరము జనవరిలో మొదలగును. నమోదు ముందటి యేటి నడుమ జరుగును. ఈ నమోదు అంతస్తులు అంతస్తులుగా సాగును. ఆ బడిలోనే అన్నయో అక్కయో చదువుచున్న పిల్లలది మొదటి వంతు. పిమ్మట తల్లిదండ్రు లాబడిలో చదివినవారికి. ఆపైన ఆ బడికి కనీసము నలువది గంటలు ఉచితసేవ చేసిన తల్లిదండ్రుల పిల్లలు మున్నగువారికి. కడపట ఎట్టి సంబంధమును లేనివారికి. సీట్లకంటె పిల్లలు హెచ్చయినచో పౌరులకు ముందు, ఇంటినుండి బడికి కిలోమీటరు లోపల నున్నవారికి ముందు. అప్పటికిని తెగనిచో చీట్లు తీయుదురు. పేరుపడిన బడికి కిలోమీటరు లోపల ఇల్లు సంపాదింపవలెనని బిడ్డ పుట్టినప్పటినుండి వెదకువారు కలరు. ఆరవ తరగతి కడపట దేశమంతటికి నొక్కటే పరీక్ష. ఆ పరీక్షలో ఆంగ్లము, గణితము, విజ్ఞానశాస్త్రములతో పాటు "మాతృభాష" యనునది నాలుగవ విషయము.

మేము పౌరులము గాము, ఆ దేశపు బడులలో చదివినవారము గాము. కావున మాది కడపటి వరుసలలోని వంతు. పేరుపడిన బడులనుగూర్చి స్నేహితులు పట్టికలు పంపిరి. నేను వానిని మడచిపెట్టి, మా మేడనుండి బిడ్డ చేయిపట్టుకొని నడచిపోగల మూడు బడులను చూచివచ్చితిని. ఉదయము బడి తెరచువేళ గుమ్మముకడ నిలుచుండి, ఉపాధ్యాయులు పిల్లలను పేరుపెట్టి పిలుచుచున్నారా, ఆలస్యముగ వచ్చిన పిల్లతో నెట్లు మాటాడుచున్నారు, భోజనశాలలో తోడులేక కూర్చున్న పిల్ల నెవరైన చూచుచున్నారా అని గమనించితిని. 2019 నుండి ఆ దేశమున ఒకటి, రెండు తరగతుల పిల్లలకు మార్కులు లెక్కించు పరీక్షలను మానివేసిరి. పసిపిల్లలు మార్కులకొరకు గాక తెలిసికొనుట కొరకు చదువవలెనని వారి యుద్దేశము. ఇట్టి యేర్పాటు అన్ని ప్రభుత్వపాఠశాలలకు నొక్కటే గనుక, మొదటి రెండేండ్లకు బడిపేరుకంటె బడిదూరమే ముఖ్యమని మా కిరువురకు తోచినది. ఒకగంట బండిలో కునుకుతీయు పిల్లకంటె పది నిమిషములు నడచిపోవు పిల్లకు సాయంకాలమున ఒకగంట మిగులును. ఆ గంటతో మాకు పనియున్నది.

బడి సంగతి ఇట్లు తేలినది. భాష సంగతి తేలలేదు.

1987 నుండి సింగపూరు బడులన్నిటను ఆంగ్లమే ప్రధానబోధనభాష. దానితోపాటు ప్రతి పిల్లయు తన "మాతృభాష"ను చదువవలెను. చీనీయులకు మాండరిను, మలయులకు మలయు, భారతీయులకు తమిళము. తమిళము ఆ దేశపు నాలుగు అధికారభాషలలో నొకటి. తమిళులు గాని భారతీయులకు బంగాళీ, గుజరాతీ, హిందీ, పంజాబీ, ఉర్దూ అను నైదింటిలో దేనినైనను ఎన్నుకొనవచ్చును. వీనిని ఆయా సంఘములవారు నేర్పుచున్నారు. తెలుగు ఆ పట్టికలో లేదు. మలయాళము, కన్నడములును లేవు.

దరఖాస్తు నింపుచుండగా "మాతృభాష" యను గడి వచ్చినది. అందు వ్రాయదగిన పేరులలో నా మాతృభాష లేదు. ఇందుకు ఆ ప్రభుత్వమును నిందించుట న్యాయము గాదు. అరువది లక్షలమంది జనులున్న చిన్నదేశము, లోకమందలి భాషలన్నిటికి నుపాధ్యాయులను, పాఠ్యపుస్తకములను, పరీక్షలను ఏర్పరుపజాలదు. వారు తమ సొంతజనులకే ఈ కత్తిరింపు చేసికొన్నారు. చీనీయులలో అనేకుల యింటిభాష హొక్కియెను, తియోచ్యూ, కాంటనీసు మున్నగునది. 1979లో ప్రభుత్వము అందరును మాండరిను మాటాడుడని గొప్ప ప్రచారము సాగించినది. మా మేడలో క్రింది యంతస్తున ఒక చీనా అవ్వ యున్నది. ఆమెకు హొక్కియెను తప్ప మరియొకటి రాదు. మనుమరాలికి ఆంగ్లము, మాండరిను వచ్చును, హొక్కియెను రాదు. ఆ యిరువురును సాయంకాలము మేడ క్రింది అరుగుమీద కూర్చుండి యుందురు. అవ్వ నారింజపండు ఒలిచి తొనలు చేతికిచ్చును. పిల్ల తిని నవ్వును. ప్రేమకు లోటు లేదు. కాని అవ్వ తన చిన్ననాటి సంగతి యొక్కటియు మనుమరాలికి చెప్పియుండలేదు, ఇక చెప్పజాలదు. వారిని చూచినప్పుడెల్ల నాకు రేకుపెట్టెలోని యుత్తరములు జ్ఞప్తికి వచ్చుచుండెను.

మా యింట నాలుగు మార్గములు చర్చకు వచ్చినవి. మొదటిది మా తల్లిగారి సలహా: పిల్లను వికారాబాదుకో తాండూరుకో పంపి, పదేండ్ల వరకు పెద్దలవద్ద పెంచుట. భాష దక్కును, తల్లిదండ్రులు దక్కరు. ఆరేండ్ల పిల్లకు తల్లి గొంతును దూరవాణిలో మాత్రమే వినిపించి మాతృభాషను నేర్పుట నాకు సరిపడలేదు. అంతేగాక, నేడు వికారాబాదు పిల్ల యే భాషలో చదువుచున్నది? 2018లో తెలంగాణ ప్రభుత్వము అన్ని బడులలోను తెలుగును తప్పక నేర్పవలెనని చట్టము చేసినది, అది మెచ్చదగినదే. 2022–23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వపాఠశాలలలో కూడ ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టినది. ఆ నిర్ణయమునకు కారణములు లేకపోలేదు. ధనికుని పిల్లకు దొరకు ఆంగ్లము కూలివాని పిల్లకేల దొరకరాదని తల్లిదండ్రులడిగిరి. ఆ ప్రశ్నకు బదులు చెప్పుట సులభము గాదు. కాని పిల్లను తెలుగు బడికొరకు తాండూరు పంపెదమనువారు, మా మామగారు కూర్చున్న ఆ తెలుగు తరగతి అచ్చట నేడెట్లున్నదో ముందుగా విచారింపవలెను.

రెండవ మార్గము మావారిది: సింగపూరులోనే భారతీయ పాఠ్యక్రమము ననుసరించు ప్రైవేటు బడి. రేపు స్వదేశమునకు మరలినచో పిల్లకు చిక్కుండదని ఆయన వాదము. ఇది త్రోసివేయదగినది గాదు. ఉద్యోగము నమ్మి పరదేశమున నున్నవాడు, ఆ యుద్యోగము పోయిననాడు బిడ్డచదువు తెగకుండ చూచుకొనవలెను. కాని అచ్చటి జీతము పెద్దది. బడిబండి ప్రయాణము దూరము. ఇరుగుపొరుగు పిల్లలతో కలయిక తక్కువ. మేమింకను పదేండ్లైన ఉండగలమని తోచినపుడు, ఆ దేశమునందుండియు దాని పిల్లలతో ఆడుకొనని పెంపకము మాకు ఇష్టము గాలేదు. రెండు మూడేండ్లలో మరలిపోవలసినవారికి మావారి మాటయే సరియైనదని నేనిప్పటికిని చెప్పుదును.

మూడవది మా మామగారిది. దూరవాణిలో ఆయన యిట్లనిరి: "హిందీ తీస్కోనియ్యి బిడ్డా, రేపు ఇక్కడికొస్తె అక్కరకొస్తది. ఉర్దూ అయితె ఇంకా మంచిది. మా నాయిన చదివిందె గద." తాండూరు బజారున పుట్టిపెరిగినవారికి ఉర్దూ పరాయిభాష గాదు, మా యింటి మాటలలో సగము కచేరీనుండి వచ్చినవే. తాతకు తప్పనిసరియైన భాష మునిమనుమరాలికి ఇష్టపూర్వకముగా వచ్చినచో అందొక యందము కలదు. కాని మేమెన్నుకొన్న బడిలో హిందీ ఉర్దూలు నేర్పరు. వానికై శనివారము ఉదయము మరియొక కేంద్రమునకు పోవలెను. ఆరుదినములు బడికి పోయిన పిల్లకు మిగిలినది ఒక్క దినము. ఆ దినమున తెలుగెక్కడ ఇముడును?

నాలుగవది తమిళము. దానిని బడివేళలలోనే, బడి యుపాధ్యాయులే నేర్పుదురు. శనివారము మాకు మిగులును. ఆ దేశపు వీధిలో, రైలులో, అంగడిలో ఆ లిపి కనబడుచుండును గనుక చదివినది చెవికిని కంటికిని తగులుచుండును. అన్నిటికంటె, తమిళము మనకు తోబుట్టువు. కన్ను, ముక్కు, చెవి, నీరు, ఊరు—ఈ మాటలు కొంచెము వేసము మార్చుకొని అచ్చటను ఉన్నవి. ఒక భాషలో పట్టు దొరకినచో రెండవదానికి బలము చేకూరునని కెనడాదేశపు విద్వాంసుడు జిమ్ కమిన్సు 1979లో ప్రతిపాదించెను. అది అక్కచెల్లెండ్రైన భాషలకు మరింత చెల్లునని మా యాస.

తమిళము తీసికొనుటకు బంధువులలో నొకరిద్దరు నొచ్చుకొనిరి. "పరభాషను మాతృభాష యని దరఖాస్తులో వ్రాసితిరా?" అని యొకరు వ్రాసిరి. కడపటి మాట మా యత్తగారిది. ఆమెను అడుగగా, "ఏ భాషన్న నేర్పుండ్రి గని, నా మనుమరాలు నాతోటి మాట్లాడేటందుకు నడుమల ఇంకొకల్లను కూసోబెట్టకుండ్రి" అనెను. ఆమె తన యత్తగారి యుత్తరముల పెట్టెకు కాపలా యున్నది. ఆ మాట యూరకే యన్నది గాదు. నాటితో మా చర్చ తీరినది. దరఖాస్తులోని గడి బడికి సంబంధించినది. అందు తమిళము వ్రాసితిమి. అత్తగారు చెప్పినది ఇంటికి సంబంధించినది. దానికి వేరుగ పూనుకొనవలెను.

ఇంటిభాష నిలుచుట బడిమీదకంటె ఇంటిమీద హెచ్చుగ నాధారపడునని భాషాశాస్త్రజ్ఞుడు జాషువా ఫిష్మను 1991లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. తల్లినుండి బిడ్డకు, అవ్వనుండి మనుమరాలికి మాట సాగనిచోట బడి యొక్కటియే దానిని నిలుపజాలదని ఆయన వాదము. తెలుగువారి చరిత్ర ఇందుకు సాక్ష్యమిచ్చుచున్నది. పందొమ్మిదవ శతాబ్దమున చెరకుతోటల పనికై మారిషసు ద్వీపమునకు పోయిన మనవారి సంతతికి నేడు ప్రభుత్వపు ప్రాథమికపాఠశాలలలో తెలుగు చదువుకొను వీలు కలదు. 1946లో అచ్చట ఆంధ్రమహాసభ యేర్పడినది. దక్షిణాఫ్రికాలో 1931లోనే ఆంధ్రమహాసభ యేర్పడినది. 1996 నాటి ఆ దేశపు రాజ్యాంగము గౌరవింపదగిన భాషలలో తెలుగును పేరుపెట్టి చెప్పినది. అయినను ఆ రెండు దేశములలోను ఇంట తెలుగు మాటాడు కుటుంబములు నానాటికి అరుదైనవి. రాజ్యాంగమున పేరుండుట గొప్పయే. కాని అన్నము వడ్డించుచు "ఇంకొంచెము వేయనా" యని తెలుగున నడుగువారు లేనినాడు ఆ పేరు కాగితముమీదనే యుండును.

వ్యావహారికభాషోద్యమమునకు నాయకుడైన గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడి ప్రాంతపు సవరల భాషను నేర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే పుస్తకములు వ్రాసి, బడులు పెట్టిరి. తన భాషను గాక పొరుగువాని భాషను రక్షించుటకు పూనుకొన్న ఆ మహనీయుని తలచినపుడు, మన భాషను మన బిడ్డకు నేర్పుటకు తీరికలేదనుట ఎంత చిన్నమాటయో తెలియును.

మేము చేసినది చిన్నపని. మా మేడ చుట్టుప్రక్కల నాలుగు తెలుగు కుటుంబములు కలవు: ఒకటి నిజామాబాదువారిది, ఒకటి నెల్లూరువారిది, ఒకటి శ్రీకాకుళమువారిది, మాది తాండూరుది. శనివారము ఉదయము వంతులవారీగా ఒక్కొక్కరి యింట ఏడుగురు పిల్లలు చేరుదురు. మొదటి గంట అక్షరములు, గుణింతములు. రెండవ గంట వంట. వంటయేల యని మీరడుగవచ్చును. పలకమీద "పప్పు" అని వ్రాసిన పిల్ల దానిని మరచును. కందిపప్పు కడిగి, నీరు కొలిచి, పోపునకు ఆవాలు చిటపటలాడువరకు నిలుచున్న పిల్ల కడుగుట, కొలుచుట, చిటపటలాడుట అను క్రియలను మరువదు. నాలుగు యాసలు వినుటచే పిల్లలకు గందరగోళము కలుగునని మొదట కొందరు శంకించిరి. కలుగలేదు సరిగదా, మా పిల్ల నెల్లూరు పెద్దమ్మతో నొక రీతిని, అవ్వతో మరియొక రీతిని పలుకుచున్నది.

దినమునకు అరగంట మా యత్తగారిది. ఆమె దూరవాణిలో కనబడుచు కథ చెప్పును; పిల్ల మరునాడు దానిని తిరుగ చెప్పవలెను. తమిళముతో నేమైన చిక్కు వచ్చినదా? వచ్చినది, నవ్వుతో తీరినది. ఒకనాడు పిల్ల బడినుండి పరుగున వచ్చి, "అవ్వా! వాళ్ల భాషల వీడు అంటె ఇల్లంట!" అని చెప్పినది. అవ్వ ఒక నిమిషమాలోచించి, "మంచిగనే ఉన్నది, ఇల్లు గూడ ఇంటోళ్లల్ల ఒకడే గద" అనెను. రెండు భాషలను ప్రక్కప్రక్కన పెట్టి చూచు ఆ చూపు, ఒక్క భాష తెలిసిన నా చిన్నతనమున నాకు లేదు.

ఇన్ని మాటలు వ్రాసినందున మాది యెల్లరకు తగిన మార్గమని చెప్పబోను. అమెరికాలో చిరునామానుబట్టి బడి నిర్ణయమగును. జర్మనీలో పెక్కుచోట్ల నిట్లే. అచ్చట ఎన్నిక బడిది గాదు, ఇల్లు తీసికొను వీధిది. కొన్ని దేశములలో తెలుగు సంఘములు వారాంతపు తరగతులు నడుపుచున్నవి. అట్టివి దొరకినవారు అదృష్టవంతులు. కాని ఎచ్చటనున్నను తల్లిదండ్రులు విచారింపదగిన విషయములు కొన్ని సమానములు. మనమిచ్చట నెన్నాళ్లుందుము? బడి పిల్లయొక్క దినములో ఎన్ని గంటలను తీసికొని ఎన్నింటిని మిగుల్చును? బడి యడుగు రెండవభాష మన యింటిభాషకు తోడగునా, చోటాక్రమించునా? వీనికి బదులు దొరకిన పిమ్మట పేరుపడిన బడుల పట్టికను చూచినను నష్టములేదు; అప్పటికి దానియందలి యాకర్షణ చాలవరకు తగ్గియుండును.

తండ్రులకు వేరుగ నొక మాట. బిడ్డకు భాష నేర్పుట తల్లిపని యని, జీతము కట్టుట తండ్రిపని యని పంచుకొన్నయిండ్లలో తెలుగు వంటింటిభాషగ మిగిలి, పిల్ల గడపదాటగనే రాలిపోవును. మా శనివారపు బడిలో గుణింతములు చెప్పునది మావారు. ఆడపిల్లలకు అక్షరము నేర్పుటకు మన పూర్వులు వీధిలో నిలిచి పోరిరి. మనము ఇంటిలో కూర్చుండి నేర్పుటకు మగవారు అరగంట కూర్చుండినచో చాలును.

మా యమ్మాయి ఆరవ తరగతి పరీక్ష వ్రాయునాడు ఆమె పత్రముమీద మాతృభాష తమిళమనియే యుండును. ఆ మార్కులు మంచివే రావలెనని మేమును కోరుచున్నాము. అందులకు పరీక్షాధికారు లున్నారు. తెలుగునకు మా యింట పరీక్షాధికారి యొక్కతెయే. గడచిన వేసవిలో తాండూరు పోయినపుడు ఆమె తన రేకుపెట్టెను తెరచి, ఆ పాత యుత్తరములను మనుమరాలి యొడిలో పెట్టినది. పిల్ల వానిని త్రిప్పి త్రిప్పి చూచి, చదువరాదని చెప్పి, ఇందులో నేమున్నదని యడిగినది. అత్తగారు తనకు తెలిసినంత చెప్పిరి. పిల్ల అడుగుచునే యుండెను. ఆ యిరువురి నడుమ నేను కూర్చుండవలసిన పని లేకపోయినది. లేచి పొయ్యిమీది పప్పు చూడబోయితిని.